కైరో ఆడవాళ్ల ఆటలో ఊరట

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ అమ్మాయిలు కూడా ముందుకు వచ్చి కూర్చోండమ్మా, ఇక్కడ చోటుంది.

ఈ రోజు బెల్లీ డ్యాన్స్ గురించి మాట్లాడతానని తెలిసి ఒక పెద్దావిడ ఇందాక నన్ను పక్కకు పిలిచారు. "అది క్లబ్బుల్లో ఆడేది కదమ్మా, దానికీ ఆడవాళ్ల ఆరోగ్యానికీ ఏం సంబంధం?" అని అడిగారు. ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మన సినిమాల్లో ఈ నాట్యం ఎప్పుడూ విలన్ డెన్‌లోనే కనిపించింది. చుట్టూ గ్లాసులు పట్టుకున్న మగవాళ్లు, మధ్యలో తళుకుల బట్టల్లో ఒకామె. ఆ దృశ్యం తప్ప మనకు వేరేది చూపించినవాళ్లు లేరు. నేను ఈ పూట చెప్పేది ఆ మగవాళ్లు లేని గది గురించి. ఈజిప్టులో, సూడాన్‌లో ఆడవాళ్లు తమలో తాము ఆడుకునే ఆట గురించి, నలిగిపోయిన మనసుకు ఆ ఆట ఎలా ఊరటనిస్తుందో దాని గురించి.

స్టేజీ మీద ఆడేదాన్ని ఈజిప్టులో రక్స్ షర్కీ అంటారు. ఇళ్లల్లో, వీధుల్లో, పెళ్లిళ్లలో ఆడేదాన్ని రక్స్ బలదీ అంటారు. బలదీ అంటే మన ఊరిది, మన మట్టిది అన్నట్టు. దీన్ని ఎవరూ క్లాసుకు వెళ్లి నేర్చుకోరు. నాలుగేళ్ల పిల్ల అమ్మమ్మనూ మేనత్తనూ చూసి నేర్చేసుకుంటుంది. పెళ్లికి ముందు రాత్రి గోరింటాకు పెట్టే వేడుక ఉంటుంది, లైలత్ అల్ హెన్నా అంటారు. పిల్ల పుట్టిన ఏడో రోజు సెబూ చేస్తారు. ఇలాంటి వేడుకల్లో ఆడవాళ్లంతా ఒక గదిలో చేరతారు. ఎవరో ఒకరు తబ్లా వాయిస్తారు. ఇది మన తబలా కాదు, ఒళ్లో అడ్డంగా పెట్టుకుని వాయించే ఒంటి డోలు. అందరూ చప్పట్లు కొడుతుంటారు. ఒక మూల ముడుచుకుని కూర్చున్న అమ్మాయిని పట్టుకుని, ఎవరో తన తలగుడ్డ తీసి ఆ అమ్మాయి నడుం కింద బిగించి కట్టి మధ్యలోకి తోస్తారు. ఆ పిల్ల "నాకు రాదు, నాకు రాదు" అంటూనే రెండడుగులు వేస్తుంది. గదిలో ఉన్నవాళ్లు నాలుక ఆడిస్తూ జగ్రూతా పెడతారు. ఇళ్లు దద్దరిల్లే కూత అది. మూడో నిమిషానికి ఆ పిల్ల ముఖంలో సిగ్గు ఉండదు.

ఆ గుడ్డ కట్టడంలో ఒక సంగతి ఉంది. దాన్ని నడుం దగ్గర కట్టరు, తుంటి ఎముకల మీద, పిరుదులు చుట్టి వచ్చేలా కడతారు. కట్టగానే ఒంటి బరువు ఎక్కడుందో ఆ అమ్మాయికి తెలుస్తుంది. మనం రోజంతా తలలో బతుకుతాం. పిల్లవాడి ఫీజు, అత్తగారి బీపీ మాత్రలు, ఆఫీసులో మేనేజరు అన్న మాట, అన్నీ తలలోనే తిరుగుతుంటాయి. ఆ గుడ్డ ముడి పడగానే ధ్యాస ఒక్కసారిగా కిందికి, పొత్తికడుపులోకి దిగుతుంది. మా క్లాసుకు వచ్చేవాళ్లతో మొదటి రోజు నేను చేయించేది అంతే. మోకాళ్లు కొంచెం వదులు చేయండి, పాదాలు నేలకు పూర్తిగా ఆనించండి, ఊపిరి బిగబట్టకండి. తర్వాత ఒక మడమ లేపి తుంటిని పైకి తెచ్చి వదిలేయండి. దించడం కాదు, వదిలేయడం. చాలామందికి ఇదే రాదు. తుంటిని గట్టిగా కిందికి తోస్తారు, దవడ బిగిస్తారు, పొట్ట లోపలికి లాక్కుంటారు. చిన్నప్పుడు "పొట్ట లోపలికి పెట్టుకోవే" అని అమ్మ అన్న మాట యాభై ఏళ్ల మనిషి కండరాల్లో ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. ఆ బిగింపు ఒదలడానికి కొందరికి నెలలు పడుతుంది. అది వదిలిన రోజు కారణమేమిటో తెలియకుండా ఏడ్చినవాళ్లను చూశాను. కొందరు పగలబడి నవ్వారు. ఏది వచ్చినా ఆపొద్దంటాను.

శరీరం లెక్కన చూస్తే ఇందులో మాయమంత్రం లేదు. ఎనిమిది అంకె ఆకారంలో తుంటి తిప్పేటప్పుడు పొట్ట పక్క కండరాలు, వెన్ను కింది కండరాలు, కటి అడుగున గర్భసంచినీ మూత్రాశయాన్నీ మోసే కండరాలు ఒకదాని తర్వాత ఒకటి బిగుసుకుని వదులవుతాయి. షిమ్మీ అంటే వణుకులా కనిపించే కదలిక. దాని అసలు కీలకం మోకాళ్లలో ఉంది. రెండు మోకాళ్లు మార్చి మార్చి మడిస్తే తుంటి దానంతటదే వణుకుతుంది. పొట్ట అల కదలాలంటే పొట్ట కండరాల్లో పైభాగాన్నీ కిందిభాగాన్నీ విడివిడిగా పలికించాలి. కుర్చీలో ఎనిమిది గంటలు కూర్చునే ఆడవాళ్లకు ఈ కండరాలు ఉన్నట్టే గుర్తుండదు. కాన్పులయ్యాక దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కపడే బాధ ఎంతమందికి ఉందో మీకు తెలుసు. ఎంతమంది బయటికి చెప్పుకుంటారో కూడా తెలుసు. ఆ భాగాన్ని సిగ్గుపడకుండా పేరు పెట్టి పలకడం, కదిలించడం, అది నాదేనని తెలుసుకోవడం, ఊరటకు మొదటి మెట్టు ఇక్కడే ఉందని నా నమ్మకం.

ఇప్పుడు సంగీతం సంగతి. బలదీ తక్సీమ్ అని ఒకటి ఉంది. వాయించేది అకార్డియన్ మీద. మనకు హార్మోనియం ఎలాగో, కైరో పేటల్లో అకార్డియన్ అలాగ. మొదట తాళం ఉండదు. అకార్డియన్ ఒక్కటే మెల్లగా, ఆగి ఆగి ఏదో వాపోతున్నట్టు వాయిస్తుంది. అప్పుడు ఆడే మనిషి దాదాపు కదలదు. నిలబడి వింటుంది, ఒక చేయి లేపుతుంది, తుంటి కొద్దిగా జరుపుతుంది. తర్వాత తబ్లా వచ్చి ప్రశ్న వేస్తుంది, అకార్డియన్ జవాబు చెబుతుంది. ఈమె రెంటి మధ్యా నడుస్తుంది. ఆ తర్వాత తాళం నిలకడగా వస్తుంది, నెమ్మదిగా మొదలై వేగం అందుకుంటుంది. చివరికి ఒట్టి తబ్లా, ఒట్టి షిమ్మీ. దుఃఖంలో మొదలై సంతోషంలో తేలే ఈ దారిని ఎవరూ తొందరపెట్టరు. పేరున్న కళాకారిణులు కూడా ఆ మొదటి భాగంలో నిమిషాల తరబడి ఏమీ చేయకుండా నిలబడగలరు. "పాజిటివ్‌గా ఉండు" అని మనకు పొద్దస్తమానం చెప్పేవాళ్లున్నారు. ఈ సంగీతం అలా అనదు. ముందు నీ బాధ పూర్తిగా వినిపించనీ, తర్వాత తాళం సంగతి చూద్దాం అంటుంది.

ఇక నేను ఎక్కువ చెప్పాలనుకున్నది జార్ గురించి, అంటే ఒంటిని పట్టిందనుకునే ఆత్మను పాటతో, ఆటతో శాంతింపజేసే తంతు గురించి. బెల్లీ డ్యాన్సూ జారూ ఒకటి కాదు. ఒకటి వేడుక, ఇంకొకటి చికిత్స. కానీ రెండూ ఒకే వాడల్లో, ఒకే రకం ఆడవాళ్ల నడుమ పెరిగాయి, తాళాలు ఇచ్చిపుచ్చుకున్నాయి. అయ్యూబ్ అనే తాళం ఉంది. డుమ్ క, డుమ్ టక్ అని గుర్రం నడకలా ఆగకుండా సాగుతుంది. జార్‌లో మనిషిని ఒంటి మీద తెలివి తప్పేదాకా తీసుకెళ్లేది ఆ తాళమే. రక్స్ షర్కీలో దాన్ని వాడినప్పుడు తల తిప్పుతూ జుట్టు విసరడం కనిపిస్తుంది. అది జార్ నుంచి వచ్చిన కదలికే.

ఇథియోపియా, సూడాన్, ఈజిప్టు, సోమాలియా, ఇరాన్ దక్షిణ తీరం, వీటన్నిటిలో జార్ ఉంది. 19వ శతాబ్దంలో బానిసలుగా తెచ్చిన ఇథియోపియా, సూడాన్ ఆడవాళ్ల వెంట ఇది ఈజిప్టు ఇళ్లలోకి వచ్చిందని చరిత్రకారులు ఎక్కువమంది ఒప్పుకుంటారు. వాళ్లు పనిచేసిన పెద్దిళ్ల అమ్మగార్లే తర్వాత వాళ్ల దగ్గర వైద్యానికి కూర్చున్నారు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. అన్నీ పోగొట్టుకుని వచ్చిన ఆడవాళ్ల దగ్గర, ఎవరూ లాక్కోలేనిది ఒకటి మిగిలింది.

ఒకామెకు ఎందుకో తిండి సహించదు. నిద్ర పట్టదు. కడుపు నిలవదు, లేదా నిలిచినా జారిపోతుంది. చేయి తిమ్మిరి, గుండెదడ. డాక్టర్ చూసి ఏమీ లేదంటాడు. అప్పుడు కోదియా దగ్గరికి తీసుకెళ్తారు. కోదియా అంటే జార్ నడిపించే పెద్దామె. ఆవిడ సాంబ్రాణి వేసి, డప్పులు పట్టుకున్న తన ఆడవాళ్ల చేత ఒక్కొక్క ఆత్మకూ దాని దాని పాట పాడిస్తుంది. ఆత్మలను అస్యాద్ అంటారు, దొరలు అని. ఒక్కో దొరకు ఒక్కో తాళం, ఒక్కో రంగు, ఒక్కో వాసన. కొందరు ఇథియోపియా వాళ్లు, కొందరు సూడాన్ వాళ్లు, కొందరు నీళ్లలో ఉండేవాళ్లు, కొందరు ముస్లిములు, కొందరు క్రైస్తవులు. తెల్లదొరల ఆత్మలు కూడా ఉన్నాయి. ఏ పాటకు ఈ మనిషి ఒళ్లు కదులుతుందో, ఆమెను పట్టింది ఆ దొర. జబ్బేమిటో చెప్పేది ఒళ్లే, నోరు కాదు. పెద్ద జార్ పెట్టినప్పుడు ఆమెను పెళ్లికూతురిలా ముస్తాబు చేస్తారు. తెల్లబట్టలు, గోరింటాకు, కాటుక. మధ్యలో ఒక పళ్లెంలో గింజలు, పళ్లు, మిఠాయిలు, కొవ్వొత్తులు. ఆ చుట్టూ ఆట. ఒకామె నడుముకు మేక గిట్టలు కుట్టిన పటకా కట్టుకుని తుంటి ఊపితే గలగలమంటుంది. మంగూర్ అంటారు దాన్ని. కొన్ని మేళాల్లో మగవాళ్లూ కడతారు.

ఇందులో నన్ను పట్టేసిన మాట ఒకటి చెబుతాను. జార్‌లో ఆ ఆత్మను వదిలించరు. మన దగ్గర దెయ్యం పడితే వేపమండలతో కొట్టి వదిలిస్తారు కదా, అలా కాదు. ఆ దొర ఆమెతోనే జీవితాంతం ఉంటాడు. కోదియా చేసేది రాజీ కుదర్చడం. "నీకేం కావాలి? ఎందుకు ఈ పిల్లను బాధపెడుతున్నావు?" అని అడుగుతుంది. ఆత్మ ఆమె నోటితోనే జవాబిస్తుంది. వెండి కడియం కావాలంటుంది. అత్తరు కావాలంటుంది. ఏడాదికోసారి పండగ చేయాలంటుంది. ఆమెను ఎవరూ తిట్టకూడదంటుంది. ఇంటాయనకు తప్పదు, ఎందుకంటే అడుగుతున్నది భార్య కాదు. ఆడది తన నోటితో అడగలేనిదాన్ని దొర అడుగుతాడు. మానవశాస్త్రవేత్తలు దీన్ని అణగారినవాళ్ల ఎత్తుగడగా చూశారు. నేను అది ఒప్పుకుంటూనే ఇంకొకటి చెబుతాను. ఎత్తుగడే అయితే కడియం దొరకగానే ఆట ఆగిపోవాలి. ఆగదు. ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఆ గుంపుకు వెళ్తూనే ఉంటారు. ఒకరి బాధ ఒకరికి తెలిసిన ఆడవాళ్ల సంఘం అది.

కెనడా మానవశాస్త్రవేత్త జానిస్ బోడీ 1970లలో ఉత్తర సూడాన్‌లోని ఒక నైలు తీరపు పల్లెలో ఉండి చూశారు. ఆ ఊళ్లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి నలభై మందికి పైగా తమకు జార్ పట్టిందని చెప్పారు. వాళ్లలో ఎక్కువమంది కష్టాలు గర్భం చుట్టూ ఉన్నవే. పిల్లలు కలగకపోవడం, పోవడం, మగపిల్లాడు లేడని సవతి వస్తుందన్న భయం. చిన్నతనంలో మర్మాంగాన్ని కోసి కుట్టేసే ఆచారం ఉన్న చోటు అది. ఆ శరీరానికి ఊరట ఏ రూపంలో దొరుకుతుందో మనం కూర్చుని తీర్పు చెప్పలేం.

మనకు పూనకం తెలుసు కాబట్టి ఇది అర్థం చేసుకోవడం తేలిక. బోనాల్లో శివసత్తులు జుట్టు విరబోసుకుని ఊగుతుంటే డప్పు ఏ దరువుకు మారితే ఊపు ఏ తీరుగా మారుతుందో చూసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. "ఏం కావాలి తల్లీ" అని ఇంటి మగవాళ్లు చేతులు జోడించి అడుగుతారు. మామూలు రోజు ఆ కోడలు ఎదురుగా కూర్చోవడానికి కూడా వీలుండదు. తేడా ఏమిటంటే మన దగ్గర పూనేది అమ్మవారు, సాక్షాత్తు దేవత. వాళ్ల దగ్గర పట్టేది పరాయి దేశపు దొర. మన అమ్మ ఊరికంతటికీ భవిష్యత్తు చెబుతుంది. వాళ్ల దొర ఆ ఒక్క మనిషి సంగతే మాట్లాడతాడు. రెండూ ఒకటేనని నేను అనను. రెంటినీ మూఢనమ్మకమని తోసేసేవాళ్లు మాత్రం ఒకటి చెప్పాలి. అంతమంది ఆడవాళ్లకు తమ బాధ గట్టిగా చెప్పుకోవడానికి వాళ్లు ఇచ్చిన వేరే చోటు ఏది?

కైరోలో జార్ ఇప్పుడు బాగా తగ్గిపోయింది. మతపెద్దలు అది ఇస్లాంకు విరుద్ధమన్నారు, చదువుకున్నవాళ్లు వెనకబాటుతనమన్నారు. సూడాన్‌లో 1989 తర్వాత వచ్చిన ప్రభుత్వం దాన్ని అణిచింది. మిగిలిన కొద్దిమందిలో మజాహెర్ అనే బృందం కైరోలోని మకాన్ అనే చిన్న హాల్లో వాయిస్తుంది. ఆ బృందాన్ని నడిపించే ఉమ్ సామెహ్ అనే పెద్దావిడ డప్పు పట్టుకుని నిలబడితే ఆ హాల్లో ఆవిడ తప్ప వేరేవాళ్లు కనిపించరు. అక్కడ జరిగేది వైద్యం కాదు, కచేరీ. అయినా ఆ బృందం వాయించే ఆరు తీగల తంబూర (మన తంబూరా కాదు) పక్కన కూర్చుని చూస్తే, ముందు వరసలో ఎవరో ఒకరి తల తనకు తెలియకుండానే ఊగుతుంది. డప్పు తోలు మీద ఆవిడ వేళ్లు పడే తీరులో తొందర ఉండదు. ఎదుటి మనిషి ఊపిరి చూసి, దాని వెంట దెబ్బ వేస్తారు. వైద్యురాలు నాడి పట్టడమంటే ఇదే అనిపించింది నాకు.

సరే, ఇంత గౌరవంగా ఉన్న ఆటకు ఆ క్లబ్బు ముద్ర ఎలా పడింది? కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. ఈజిప్టులో అవాలిమ్ అని ఉండేవారు. పాటా కవిత్వమూ నేర్చిన ఆడవాళ్లు, పెద్దిళ్ల ఆడవాళ్ల భాగంలో మాత్రమే పాడేవారు. వీధుల్లో ఆడే గవాజీలు వేరు. 1834లో అప్పటి ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ పాషా ఆడవాళ్లు బహిరంగంగా ఆడకూడదని కైరో నుంచి వాళ్లను దక్షిణాన ఎస్నా, కెనా, అస్వాన్ ఊళ్లకు తరిమేశాడు. పని లేక, చుట్టూ తమవాళ్లు లేక వాళ్ల బతుకు చితికింది. అక్కడికి వచ్చిన ఐరోపా యాత్రికులు చూసింది ఆ చితికిన బతుకునే. రాసుకున్నదీ దాన్నే. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఈ ఆటను టికెట్టు పెట్టి వింతగా చూపించారు. 1926లో బదియా మసబ్నీ అనే నర్తకి కైరోలో నైట్‌క్లబ్బు తెరిచింది. తహియా కరియోకా, సామియా గమాల్ లాంటి గొప్పవాళ్లు అక్కడినుంచే వచ్చారు. ఇప్పుడు మనం చూసే తళుకుల రవిక, పట్టీ వేషం ఆ కాలపు స్టేజీ కోసం పుట్టింది. గోరింటాకు రాత్రి ఆడే ఆడవాళ్లు ఒంటినిండా గలాబియా, అంటే వదులైన పొడుగు అంగీ, వేసుకునే ఆడతారు.

ఇక్కడ గోదావరి జిల్లాల వాళ్లుంటే వాళ్లకు చెప్పక్కర్లేదు. మన కళావంతుల కథ కూడా ఇదే. పద్యం, పదం, అభినయం తెలిసిన ఆడవాళ్లను ఒక్క మాటతో కించపరిచి, 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చేసరికి వాళ్ల విద్య వాళ్లకే సిగ్గయ్యేలా చేశారు. ఆ చట్టం కొందరు పిల్లలను కాపాడింది, అది కాదనను. కానీ ఆ ఆడవాళ్లు మోసిన విద్యకు ఏం చేశామో కూడా చెప్పుకోవాలి.

ఈజిప్టులో ఆ సిగ్గు నేటికీ నెగ్గుతోంది. 2022 జనవరిలో ఒక బడి టీచరమ్మ, ముగ్గురు పిల్లల తల్లి, తోటివాళ్లతో నైలు నది మీద పడవ విహారానికి వెళ్లి, ఒంటినిండా బట్టలతో, తలకు గుడ్డతో కాసేపు ఆడింది. ఎవరో వీడియో తీసి పెట్టారు. ఉద్యోగం పోయింది, భర్త విడాకులిచ్చాడు. ఆమెకు మద్దతుగా ఆడవాళ్లు తమ ఆట వీడియోలు పెట్టారు, తర్వాత ఆమెకు మళ్లీ ఉద్యోగం ఇచ్చారు. పెళ్లిలో ఆడితే అందరూ జగ్రూతాలు పెట్టే ఆటే ఇది. అమ్మమ్మ ఆడితే ముచ్చట, టీచరమ్మ ఆడితే బరితెగింపు. ఇది ఎవరి లెక్క?

ఇంకో వైపు నుంచి కూడా ఈ ఆటకు చేటు ఉంది, అది దీన్ని అమితంగా పొగిడేవాళ్ల నుంచి. అమెరికాలో 1960ల చివర, 70లలో ఈ ఆట బాగా వ్యాపించింది. జమీలా సలింపూర్ అనే ఆవిడ 1968లో బాల్ అనత్ బృందం పెట్టారు, కదలికలకు పేర్లు పెట్టి నేర్పారు. మంచి పని. ఆ గాలిలోనే "ఇది అయిదు వేల ఏళ్లనాటి దేవత గుడిలో పూజారిణుల నాట్యం, కాన్పు కోసం పుట్టింది" అన్న కథ కూడా ఊపందుకుంది. ఆ కథకు ఆధారాలు లేవు. దానికి తోడు ఇప్పుడు మన చక్రాలను కలిపేశారు. స్వాధిష్ఠానం తెరుచుకుంటుంది, కుండలిని లేస్తుంది అని వేల రూపాయల వర్క్‌షాపులు పెడుతున్నారు. "తుంటిలో గాయాలన్నీ దాక్కుని ఉంటాయి, ఈ ఆటతో బయటికొస్తాయి" అంటున్నారు. అలా రుజువు చేసినవాళ్లు లేరు. ఈ కల్పనలు నాకు కోపం తెప్పిస్తాయి, ఎందుకంటే నిజం చాలినంత ఉంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చిన ఆడవాళ్లు, కోదియాలు, గవాజీలు, పేటల్లోని అమ్మమ్మలు ఈ ఆటను ఇంతదాకా మోసుకొచ్చారు. వాళ్ల పేరు తీసేసి ఎవరో ఊహాదేవత పేరు పెట్టడం వాళ్లకు అన్యాయం.

కాన్పు మాట వచ్చింది కాబట్టి ఒకటి. నొప్పులు పడేటప్పుడు నడవడం, నిలబడి తుంటి ఊపడం మేలు చేస్తుంది. ఇబ్బందుల్లేని కాన్పుల్లో తల్లిని కదలనివ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సూచనల్లోనూ ఉంది. మన ఆసుపత్రుల్లో ఎంతమందిని వెల్లకిలా పడుకోబెట్టి కదలొద్దంటున్నారో మీకు తెలుసు.

మరి పరిశోధనలు ఏం చెప్పాయి? ఆస్ట్రేలియాలో అడిలైడ్‌లోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. బెల్లీ డ్యాన్స్ నేర్చుకుంటున్న 112 మందినీ, అది ఎప్పుడూ చేయని 101 మంది కాలేజీ అమ్మాయిలనూ పోల్చారు. ఆడేవాళ్లకు తమ ఒంటి మీద ఇష్టం ఎక్కువగా, ఇతరుల కళ్లతో తమను చూసుకుని కొలుచుకోవడం తక్కువగా ఉంది. దానర్థం ఆట వల్లే అలా అయ్యారని కాదు, ఒంటితో స్నేహం ఉన్నవాళ్లే ఆటకు వచ్చి ఉండొచ్చు. బ్రెజిల్‌లో రొమ్ము క్యాన్సర్ చికిత్సలో ఉన్న ఆడవాళ్లకు ఈ ఆట నేర్పి చూస్తున్న పరిశోధకులు ఉన్నారు. రొమ్ము తీసేశాక అద్దం ముందు నిలబడలేని మనిషి మళ్లీ ఛాతీ కదిలించడమంటే ఏమిటో ఊహించండి. ఇంకొకటి బ్రెజిల్‌లోనే మరాజో అనే దీవిలో బడి పిల్లల మీద చేశారు, 2015లో వచ్చింది. అది బెల్లీ డ్యాన్స్ కాదు, మామూలు ఆట. బీపీ చూసే పట్టీ చేతికి బిగించి ఎంత నొప్పి ఓర్చుకుంటారో ఆటకు ముందూ తర్వాతా కొలిచారు. అందరూ ఒకే తాళానికి, ఒకే కదలికతో ఆడినప్పుడు నొప్పి ఓర్చుకునే శక్తి పెరిగింది, ఒకరి మీద ఒకరికి దగ్గరితనం పెరిగింది. బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగిన వాళ్లకు ఇది కొత్త విషయమేమీ కాదు.

జాగ్రత్తలు చెప్పకుండా ఉండలేను. డిప్రెషన్‌కు మందులు వాడుతున్నవాళ్లు ఆట మొదలుపెట్టామని మందులు ఆపకండి. నడుం డిస్కు సమస్య ఉంటే, కాన్పయి కొన్ని వారాలే అయితే, గర్భంతో ఉంటే, ముందు డాక్టర్‌నో ఫిజియోథెరపిస్టునో అడగండి. కటి కండరాలు ఎప్పుడూ బిగుసుకుపోయి నొప్పి పెట్టేవాళ్లకు కొన్ని కదలికలు నొప్పిని పెంచుతాయి. ఇంకా ముఖ్యం, చిన్నప్పుడో పెళ్లిలోనో ఒంటి మీద హింస చూసిన ఆడవాళ్లు చాలామంది ఉంటారు. క్లాసులో ఎవరైనా చెప్పకుండా మీ నడుం పట్టుకుని "ఇలా తిప్పు" అంటే ఆ క్లాసు మానేయండి. మంచి టీచరు ముందు అడుగుతుంది. అద్దాలు లేని గది అయితే ఇంకా మంచిది. కెమెరాలు అసలే వద్దు.

కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసి వచ్చిన మన కడప, గోదావరి జిల్లాల అక్కలు కొందరికి ఈ గోరింటాకు రాత్రులు తెలిసే ఉంటాయి. అలాంటి వాళ్లుంటే మీ ఊళ్లో అడగండి. అక్కడివాళ్ల ఆట తీరు వేరు, నడుం కంటే జుట్టూ భుజాలూ ఎక్కువ ఆడతాయి. ఆడవాళ్లు మాత్రమే ఉన్న గదిలో ఆ గొంతులు ఎలా మారిపోతాయో వాళ్లు నాకంటే బాగా చెబుతారు.

ఒక ప్రశ్న చీటీ మీద వచ్చింది, చదువుతాను. "నేను దేవుణ్ణి నమ్ముతాను, రోజూ పూజ చేస్తాను. ఇది నా భక్తికి అడ్డం కాదా? దీన్ని ఆధ్యాత్మికం అని ఎలా అంటారు?"

మంచి ప్రశ్న. జార్ మొదలయ్యేది ఫాతిహా, అంటే ఖురాన్ మొదటి అధ్యాయం, చదవడంతో. తర్వాత ప్రవక్త మీద స్తుతి, ఔలియాల, అంటే ముస్లిం సాధువుల మీద పాటలు. ఆ తర్వాతే దొరల పాటలు. అక్కడ కూర్చున్న ఆడవాళ్లలో నమాజు తప్పనివాళ్లు ఉంటారు, రంజాన్ నెలంతా జార్ ఆపేస్తారు. వాళ్లకు దేవుడు వేరు, ఆట వేరు అనే గొడవ లేదు. ఆటను పూజ అని కూడా వాళ్లు అనరు. నా సంగతి అడిగితే, తాళం ఆగాక కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు నా ఊపిరి పొత్తికడుపు దాకా దిగుతుంది. అప్పుడు ఏ పేరుతో దేవుణ్ణి తలుచుకోవాలన్నది మీ ఇష్టం. పూజ తర్వాత చేయండి, ముందు చేయండి, పూర్తిగా విడిగానే ఉంచుకోండి. వచ్చే శనివారం నుంచి ఇదే హాల్లో సాయంత్రం క్లాసు ఉంటుంది. ఒక పాత చున్నీ తెచ్చుకోండి, పొట్ట నిండా తిని రాకండి.